కుడివైపు పేజీ

కుట్టుమిషను గది,
జూన్ 6

మా గుమాస్తా గారికి,

నీ ఆరోగ్యం అడగను. అడిగితే బాగున్నాననే రాస్తావు. మీ అన్నయ్య సంగతి అడిగావు కనుక చెబుతున్నాను. ఆయన రాజభోగంలో ఉన్నారు.

స్నానాల గదిలో పడి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు కదా. ఇంటికి పంపేటప్పుడు వాళ్లు కొత్త పద్ధతి ఒకటి చెప్పారు. ఇదివరకు గుండెకు ఒక డాక్టరు, ఎముకలకు ఒకరు, కళ్లకు ఒకరు, ఇలా గుమ్మం గుమ్మం తిరిగేవాళ్లం. ఒకరు రాసిన మందు ఇంకొకరికి తెలిసేది కాదు. ఇప్పుడు అందరూ కలిసి ఒకే మనిషిని చూస్తారట. పెద్దవాళ్లు మంచాన పడ్డాక కాదు, పడకముందే ఒంట్లో పట్టు తప్పకుండా కాపాడతారట. వారానికోసారి నర్సు వస్తుంది. రెండుసార్లు కసరత్తు చెప్పే అమ్మాయి వస్తుంది. నెలకోసారి డాక్టరు. వీళ్లందరూ రాయడానికి నీలం అట్ట పుస్తకం ఒకటి తలుపు పక్క మేకుకు వేలాడదీశారు. ఎడమవైపు పేజీ వాళ్లది. కుడివైపు పేజీ మనది. దాని మీద ‘ఇంట్లో గమనించినవి’ అని అచ్చు వేసి ఉంటుంది. రోజూ ఏదో ఒకటి రాయాలి. రాసేది నేను. పేజీ పైన పేరు మాత్రం మీ అన్నయ్యది.

ఆ కసరత్తు అమ్మాయి ఉందే, దానికి ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. మీ అన్నయ్య బస్సు నడిపారని ఎవరు చెప్పారో, వస్తూనే, “డ్రైవరు గారూ, స్టాపు వచ్చింది, లేవండి” అంటుంది. అరనిమిషంలో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేస్తారో లెక్కపెడుతుంది. మొదటి రోజు అయిదు. ఆ అయిదుకే చప్పట్లు కొట్టింది. ఈయన ఉన్న పళ్లన్నీ కనిపించేలా నవ్వారు. నలభై తొమ్మిదేళ్లలో నా మాటకు ఒక్కసారి అలా నవ్వి ఎరగరు.

నర్సు పిక్క కొలత తీసింది. పిక్క సన్నబడితే కండ తగ్గుతున్నట్టట. టేపు వదులుగా పట్టుకుంది. చూస్తూ ఎలా ఊరుకుంటాను? నలభై ఏళ్లు టేపు మెడలో వేసుకుని బతికినదాన్ని. లాక్కుని నేనే కొలిచాను. ముప్పై ఒక్క సెంటీమీటర్లు. మగవాళ్లకు ముప్పై నాలుగు ఉండాలట. “బాగా పట్టుకున్నారమ్మా” అని నర్సు మెచ్చుకుంది. ఆ రోజంతటికీ నా వాటాకు వచ్చింది ఆ ఒక్క మాటే. వెంటనే అటు తిరిగి, పొద్దున ఏం తిన్నారని ఆయన్నే అడిగింది. ఉడకబెట్టింది నేను. అడగాల్సింది నన్ను.

నాకు కడుపు మండుతోంది. నీ దగ్గర దాచడం ఎందుకు? ఆయనకు రెండు గుడ్లు, గ్లాసుడు పాలు ఇచ్చి, చల్లారిన టీ తాగి నేను మిషను ముందు కూర్చుంటాను. నువ్వెలా ఉన్నావమ్మా అని అడిగే నాథుడు లేడు.

ఈ వారం నా బట్టలన్నిటికీ మళ్లీ కుట్టు లోపలికి వేసుకున్నాను. ఏడాదిలో ఇది మూడోసారి. ఈ కాలం గుడ్డలో పస లేదు, ఊరికే సాగిపోతోంది.

నీ వదిన

*

మూడో అంతస్తు గది,
జూన్ 19

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, తేదీ వేసి, ఈ ఏడాది కట్టలో పెట్టాను. ఉద్యోగం పోయినా బుద్ధి పోలేదు.

నీ కడుపుమంట చదివితే నాకు ఒళ్లు మండింది. ఇంటికి నర్సు వస్తుంది, డాక్టరు వస్తాడు, కుర్చీలోంచి లేస్తే చప్పట్లు కొట్టే మనిషి వస్తుంది. ఇంత సందడి మధ్య కూర్చుని నువ్వు ఏడుస్తున్నావు. నా గదికి వచ్చేది కరెంటు మీటరు చూసే అతను ఒక్కడే. అతను కూడా మీటరు వంకే చూస్తాడు.

నాకేం, నేను బాగానే ఉన్నాను. రోజూ మూడు అంతస్తులు దిగి, మార్కెట్టు దాకా నడుస్తాను. ఈ ఉత్తరం కూడా నేనే వెళ్లి డబ్బాలో వేస్తాను.

ఒక్క మాట. ఆసుపత్రి రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు ఫైళ్లు కుట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ పుస్తకాన్ని అల్లాటప్పాగా చూడకు. డాక్టరు మనిషిని చూసేది అయిదు నిమిషాలు. మిగిలిందంతా కాగితం చూసే చేస్తాడు. అన్నయ్య గురించి సరిగా రాయి.

అన్నయ్యను అడిగానని చెప్పు. మా ఇంట్లో ఆయనకే అన్నీ ముందు. చిన్నప్పుడు పాల మీగడ ఆయనకు, అడుగు పాలు నాకు. ఇప్పుడూ అంతే అయింది.

నీ ఆడపడుచు

*

కుట్టుమిషను గది,
జూలై 15

గుమాస్తా గారికి,

మీగడ సంగతి ఇంకా మరిచిపోలేదా? మీ అన్నయ్యకు చదివి వినిపిస్తే, అది దొంగతనంగా తినేది నువ్వేనని అంటున్నారు. మీ ఇద్దరి గొడవలోకి నన్ను లాగకండి.

ఇక్కడ ఈ నెల చాలా హడావిడి. మీ అన్నయ్య ఇప్పుడు కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేస్తున్నారు. వాకిట్లోంచి వీధి మలుపు దాకా కర్ర లేకుండా వెళ్లి వస్తున్నారు. అయితే కొత్తగా రెండు బాధలు బయటపడ్డాయి. ఒకటి ఎడమ మోకాలు. మెట్టు దిగేటప్పుడు కలుక్కుమంటుంది. రెండోది, పొద్దున మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి, తలుపు పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. కుడివైపు పేజీలో నాలుగు రోజులు వరసగా రాశాను. వెంటనే నర్సు పరుగున వచ్చింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసింది. తేడా ఏమీ లేదే అని మళ్లీ చూసింది. “కళ్లు తిరుగుతున్నాయా డ్రైవరు గారూ?” అని అడిగితే ఆయన నా వంక చూసి, “ఆఁ, ఉందమ్మా” అన్నారు. మళ్లీ పడితే ప్రమాదమని డాక్టరు రక్తపోటు మాత్ర సగానికి తగ్గించారు.

ఆ వారం ముగ్గురూ వచ్చారు. ఇంట్లో కుర్చీలు చాలలేదు. లేవగానే ఎలా ఉంటుంది, చీకట్లు కమ్ముతాయా, చెవుల్లో హోరు ఉంటుందా, ఎంతసేపు ఉంటుంది, అని ఎంత బాగా అడిగారనుకున్నావు. నేను పక్కనే నిలబడి అన్నిటికీ జవాబు చెప్పాను. చాలా రోజుల తర్వాత మనసుకు హాయిగా ఉంది.

ఆ పిల్లతో మాత్రం నాకు పొసగదు. మోకాలికి కొత్త కసరత్తు చెప్పింది. కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టే దాకా గాలిలో నిలపాలి. ఈయనకు ఒక్కసారి చెబితే ఎక్కదా? “మళ్లీ చెప్పమ్మా, మెల్లిగా చెప్పు, గట్టిగా చెప్పు” అని మూడుసార్లు చెప్పించుకున్నారు. చెబుతున్నంతసేపూ ఇద్దరూ గుమ్మంలో ఉన్న నా వంక చూడటం. నన్ను చూసి నవ్వుకుంటున్నారని నాకు తెలియదా? మూతి ముడుచుకుని వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, తలుపు వేసుకుని నేనూ ఆ కసరత్తు చేశాను. ఏడు లెక్కపెట్టేసరికి కాలు దిగిపోయింది.

నీ వదిన

*

మూడో అంతస్తు గది,
జూలై 28

వదినా,

ఈసారి క్షేమ సమాచారాలు లేవు.

పోయిన ఏడాది కట్ట తీశాను. మార్చి 11న నువ్వు రాసిన ఉత్తరం నా ఎదురుగా ఉంది. ‘పొద్దున లేచేసరికి కళ్లు తిరుగుతున్నాయి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడితే సర్దుకుంటోంది’ అని రాశావు. అది నీ గురించి. అంతకుముందు ఏడాది కట్ట కూడా తీశాను. గుడ్డల మూట ఎత్తుకుని దుకాణం మెట్ల మీద జారినప్పటి నుంచి ఎడమ మోకాలు కలుక్కుమంటోందని అందులో ఉంది. అదీ నీదే. అన్నయ్య మోకాలికి దెబ్బ ఎప్పుడు తగిలింది? కొండదారి మలుపుల్లో ముప్పై ఏళ్లు బస్సు తిప్పినా ఆయనకు ఒక్కనాడు కళ్లు తిరగలేదు.

నీ నొప్పులు ఆయన పేరు మీద రాస్తున్నావు. అవునా కాదా?

మా ఆసుపత్రిలో ఒకసారి పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్ల కాగితాలు తారుమారయ్యాయి. ఒకామెకు అక్కర్లేని మందు నాలుగు రోజులు వెళ్లింది. బతికింది కానీ నడక పోయింది. ఆ రెండు ఫైళ్లూ కుట్టింది నేనే. ఏ రంగు దారంతో కుట్టానో ఇప్పటికీ గుర్తుంది. అందుకే రాస్తున్నాను. ఆయన మాత్ర సగం చేసింది నువ్వు. డాక్టరు కాదు.

ఉన్నమాట ఇంకొకటి. నీ మీద నాకు కోపం కన్నా అసూయ ఎక్కువగా ఉంది. నీ నొప్పులు తప్పుడు పేరు మీదైనా పదిమంది చదివారు. కుర్చీలు వేసుకుని కూర్చుని అడిగారు. నావి చదివే దిక్కు లేదు. నేను రాయనూ రాయను, నాకేమీ లేవు కాబట్టి.

రేపే నర్సుతో చెప్పు.

నీ ఆడపడుచు

*

కుట్టుమిషను గది,
ఆగస్టు 4

నా ఇంటి పుస్తకం సంగతి నీకెందుకు? పాత ఉత్తరాలు దాచి, తేదీలు వేసి, సమయం వచ్చినప్పుడు బయటికి తీసి గుచ్చడం మీ ఇంటి అలవాటు కాబోలు. నేనేం ఆయన్ని చంపుకుంటానా? ఆయన నవ్వుతూ తిరుగుతున్నారు, పది సార్లు లేస్తున్నారు. నీకు కుళ్లు. అంతే.

ఇక నువ్వు రాయకపోయినా పర్వాలేదు.

*

కుట్టుమిషను గది,
ఆగస్టు 12

అమ్మాయీ,

నువ్వు చెప్పినట్టే అయింది. భయపడకు, ఇప్పుడు బాగానే ఉన్నారు.

శనివారం పొద్దున గుడ్డు ఒలుస్తుండగా ముక్కులోంచి రక్తం కారింది. తల పగిలిపోతోందన్నారు. తువ్వాలంతా తడిసిపోయింది. నర్సుకు ఫోను చేస్తే పావుగంటలో వచ్చింది, వెనకే ఆ పిల్ల కూడా వచ్చింది. రక్తపోటు నూటతొంభై దాటింది. రక్తం ఆగాక నర్సు నీలం పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. “ఇంత పోటు ఉన్న మనిషికి లేవగానే కళ్లు ఎందుకు తిరుగుతాయి?” అని తనలో తను అనుకుంటూ కుడివైపు పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఆ చప్పుడు వింటుంటే నాకు తల తీసేసినట్టయింది.

ఆ పిల్ల, “ఏదీ, ఎడమ మోకాలు ఎక్కడ నొప్పి?” అని అడిగింది. ఈయన ముక్కు తుడుచుకుంటూ కుడి మోకాలు పట్టుకున్నారు.

ఇక ఆగలేక చెప్పేశాను. “అవి నావమ్మా. మోకాలు నాది. కళ్లు తిరిగేది నాకు. ఆయనకేమీ లేదు. ఒకరోజు ఆయన గురించి రాయడానికి ఏమీ కనబడలేదు. పేజీ ఖాళీగా ఉంది. నాకేమో ఆ పొద్దునే కళ్లు తిరిగాయి. రాసేశాను. మీరు వచ్చి అడుగుతుంటే బాగుంది. మర్నాడు మళ్లీ రాశాను.”

తిట్టినా బాగుండేది. నర్సు పుస్తకం మూసి, డాక్టరుకు ఫోను చేసి, మాత్ర మామూలుగా వేయించింది. తర్వాత ఆయన కుర్చీ చూపించి నన్ను కూర్చోమంది. నాకు రోషం వచ్చింది. ఆయన పది సార్లు లేస్తారు, ఆయన కన్నా నాలుగేళ్లు చిన్నదాన్ని, పన్నెండు లేచి చూపిస్తానని చేతులు కట్టుకుని కూర్చున్నాను. మొదటిసారి లేచాను. రెండోసారి లేచాను. మూడోసారి నా కాళ్లు నా మాట వినలేదు. ఆ పిల్ల చప్పట్లు కొట్టలేదు. వచ్చి చెయ్యి పట్టుకుంది.

పిక్క కొలవమని టేపు నా చేతికే ఇచ్చారు. ఇరవై తొమ్మిదిన్నర. ఆడవాళ్లకు ముప్పై మూడన్నా ఉండాలట. గుడ్డ సాగిపోతోందని నీకు రాశాను చూడు. ఎందరికో కొలతలు తీసినదాన్ని, మనిషి తగ్గిపోతే గుడ్డను తిట్టాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వాళ్లు వెళ్లాక ఆయన్ని అడిగాను.

“మీకు కళ్లు తిరగడం లేదని చెప్పొచ్చు కదా. ఆఁ ఎందుకన్నారు?”

“ఎడమ మోకాలు అని చదివినప్పుడే నీదని తెలిసింది.”

“మరి?”

“నువ్వు డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చే రకమా? నా పేరు మీదైతే వాళ్లే ఇంటికొచ్చి చెబుతున్నారు. అందుకే ఆ కసరత్తు మూడుసార్లు చెప్పించాను. నువ్వు గుమ్మంలో ఉన్నావు కదా, నీకు వినబడాలని.”

“మాత్ర తగ్గించారు కదా. ప్రాణం మీదికి వస్తే?”

“అంత దూరం వెళ్తుందని నాకు మాత్రం ఏం తెలుసు? రోగం నాది కాదంటే నీ పరువు పోతుంది. అందుకని ఊరుకున్నాను.”

నేను ఆ పిల్ల మీద పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఈయనేమో నా మోకాలి కోసం తన నెత్తురు పోగొట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరికి బుద్ధి తక్కువో నువ్వే చెప్పు. ఆ పూట ఇద్దరం చెరొక గుడ్డు తిన్నాం. తింటుంటే నాకు ఏడుపు వచ్చింది.

నీకు కుళ్లు అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ ఉత్తరం మాత్రం కట్టలో పెట్టకు.

నీ వదిన

*

మూడో అంతస్తు గది,
ఆగస్టు 25

వదినా,

ఆగస్టు 4 ఉత్తరం కట్టలోనే ఉంది. రికార్డు చించడం నాకు చేతకాదు. పైగా అందులో రాసింది అబద్ధం కాదు. నాకు కుళ్లే.

ముక్కు నెత్తురు సంగతి చదివి ముందు నిన్ను తిట్టాను. తర్వాత అన్నయ్య మాటలు చదివి పక్కన పెట్టేశాను. మర్నాటి దాకా ఆ ఉత్తరం ముట్టుకోలేదు. నా నొప్పిని తన మీద వేసుకునే మనిషి నాకు లేడు. ఉంటే నేనూ ఏ పుస్తకంలోనో రాసేదాన్నేమో. నీ బాధలో కూడా నీకు తోడు దొరికిందని నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అనుకో. అనుకో, పర్వాలేదు.

ఇప్పుడు నీకూ పుస్తకం ఇచ్చారా? ఏ రంగు? ఆ నర్సుకు మీ ఊరు దాటి వచ్చే వీలు ఉండదు కదూ. ఊరికే అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. రోజూ నడుస్తూనే ఉన్నాను.

నీ ఆడపడుచు

*

కుట్టుమిషను గది,
సెప్టెంబరు 6

అమ్మాయీ,

నా పుస్తకం ఆకుపచ్చది. ఆయన పుస్తకం పక్కన ఇంకో మేకుకు వేలాడుతోంది. కొత్త ఏర్పాటు ఏమిటంటే, నా కుడివైపు పేజీ ఆయన రాయాలి, ఆయనది నేను రాయాలి. మొదటి రోజు ఏం రాశారో తెలుసా? ‘భోజనం దగ్గర తనకు తక్కువ వడ్డించుకుంటోంది. అడిగితే కసురుతోంది.’ నర్సు దాని కింద ఎర్ర గీత గీసింది. ఇప్పుడు ఆ పిల్ల నాతో నవ్వుతుంటే మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి దగ్గుతున్నారు. కడుపుమంట ఎలా ఉంటుందో ఆయనకూ తెలియాలి కదా. నేను ఆరు సార్లు లేస్తున్నాను.

ఇక నీ సంగతి. మార్కెట్టు దాకా నడిచానని, ఉత్తరాలు నువ్వే డబ్బాలో వేశానని రాశావు. నీ చివరి రెండు కవర్ల మీద చిరునామా వేరే ఎవరిదో చేతిరాత. తపాలా బిళ్ల తలకిందులుగా ఉంది. ఫైలు మీద చీటీ వెంట్రుక వాసి పక్కకు పోయినా పీకి మళ్లీ అతికించే మనిషివి నువ్వు. ఆ బిళ్ల నువ్వు అతికించలేదు. నువ్వు మెట్లు దిగి ఎన్నాళ్లయింది?

నేను నిన్ను తిట్టను. తిట్టే ముఖం నాకు లేదు. ఈ కవరులో నా టేపు పంపుతున్నాను. నలభై ఏళ్లు నా మెడలో ఉన్నది అదే. కుర్చీలో కూర్చుని, పాదం నేలకు ఆనించి, పిక్క లావుగా ఉన్నచోట వెయ్యి. బిగించకు, వదలకు. కనబడిన సంఖ్య రాసి పంపు. ఇంకేమీ రాయక్కర్లేదు. మీ ఊళ్లోనూ ఈ పద్ధతి మొదలైందని, ఎవరో ఒకరు అడిగి పేరు రాయించాలని నర్సు చెప్పింది. అక్కడికి వచ్చి అడిగేది నేను. నీ పేరు మీద, నీ నొప్పులే రాయిస్తాను.

నీ వదిన

*

మూడో అంతస్తు గది,
సెప్టెంబరు 15

వదినకు,

కుడి కాలు ఇరవై ఎనిమిది. ఎడమ కాలు ఇరవై ఏడున్నర. రెండుసార్లు కొలిచాను.

చివరిసారి మెట్లు దిగింది మే 20న, ఈ 20కి నాలుగు నెలలు అవుతాయి. ఆ రోజు రెండో అంతస్తు దగ్గర పడ్డాను. కింది వాటా ఆమె లేపింది. అప్పటి నుంచి కూరగాయలు, ఉత్తరాలు ఆమే చూస్తోంది. ఇది ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

నువ్వు వచ్చేటప్పుడు అన్నయ్యను కూడా తీసుకురా. మెట్లు మీ ఇద్దరూ మెల్లిగా ఎక్కండి. టేపు నా దగ్గరే ఉంచుకుంటాను.

నీ ఆడపడుచు